కర్నూలు–కడప కాలువ: హక్కు వేరు, నీరు వేరు

2024 సంవత్సరము ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకొనిపోయినది. అప్పటికి జలాశయము నిండుకుండవలె నున్నది. ఆ డ్యామునకు గేట్లు 33. ఒకటి పోగానే తక్కిన వానిపై భారము తగ్గించుటకై వానినిగూడ ఎత్తి నీటిని దిగువకు విడువవలసి వచ్చినది. గేట్ల పనిలో ఆరితేరిన కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యమున ఇంజనీర్లు, కార్మికులు వారము దినములలోపల పారుచున్న నీటిలోనే ఉక్కుపలకలు దింపి ఆ సందును మూసిరి. మరుసటి సంవత్సరము, అనగా 2025 వానకాలములో, గేట్లు పాతబడినవను నిపుణుల మాటపై ఆ జలాశయమును పూర్తిగా నింపక 80 టి.ఎం.సి. వద్దనే నిలిపిరి.

ఆ దినములలో రేడియో వార్తలయందు డ్యాము నీటిమట్టము, వచ్చు నీరు, పోవు నీరు అను మాటలు పదేపదే వినవచ్చినవి. మన శ్రోతలలో పట్టణవాసులకు అవి వట్టి అంకెలు. కర్నూలు–కడప కాలువ క్రింద మడి గలవారికి అవి నారు పోయుటయో మానుటయో తేల్చు మాటలు. హోస్పేట కర్ణాటక రాష్ట్రములోనిది. అక్కడ ఒక గొలుసు తెగిన, ఎంతో దిగువనున్న నంద్యాలలోను, మైదుకూరులోను, కడపలోను రైతుకు నిద్ర పట్టకపోవుట కేమి కారణము? ఈ ప్రశ్నకు సమాధానము డ్యాము చెంత దొరకదు. దానికై మనము రెండువందల యేండ్లు వెనుకకు పోవలెను.

1799లో శ్రీరంగపట్టణము కూలి టిప్పు సుల్తాను మరణించెను. ఆయన రాజ్యములో కొంత భాగము నిజాముకు పాలు వచ్చినది. 1792లో వచ్చినది ముందే యుండెను. అయితే నిజాము తన రక్షణకై కుంఫిణీవారి సైన్యమును పోషింపవలసియుండెను. ఆ వ్యయమునకు బదులుగా 1800 అక్టోబరు 12వ తేదీన హైదరాబాదులో జరిగిన సంధిలో, మైసూరునుండి తనకు సంక్రమించిన ఆ సీమనంతయు ఆయన కుంఫిణీకి వదలుకొనెను. బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములు ఇట్లు చేతులు మారినవి. ‘దత్తమండలములు’ అను పేరు ఆ కాగితమునుండి పుట్టినది. దానము చేసినవారెవరు, పుచ్చుకొన్నవారెవరు అని యోచించినచో ఆ పేరులోని చేదు తెలియును. 1928లో నంద్యాల మహాసభయందు చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అను పేరును ప్రతిపాదించుటకు ఆ చేదే కారణము.

థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఈ మండలముల కలెక్టరుగా నుండి, రైతువారీ పద్ధతికి ఇక్కడనే పాదులు తీసెను. కర్నూలు మాత్రము అప్పటికి నవాబు చేతిలో నున్నది. నవాబు ఏటేట లక్షరూపాయల పేష్కషు కుంఫిణీకి చెల్లించుచుండెను. కోటలో ఆయుధములు రహస్యముగా చేర్చుచున్నాడని అనుమానించి 1839లో కుంఫిణీవారు నవాబు గులాం రసూల్ ఖానును పట్టుకొని తిరుచిరాపల్లికి పంపి, రాజ్యమును కలుపుకొనిరి. దానితో తుంగభద్ర కుడిగట్టు ఇంగ్లీషువారిది, ఎడమగట్టు నిజాముది అయినది. నది సరిహద్దు అయినది. నదిని పంచుకొను తగవు ఇంకను పుట్టలేదు. నీటిని మళ్లించు యత్నమే ఇంకను లేదు గనుక.

ఆ యత్నము వచ్చినది నిజాముచేతగాని, మద్రాసు దొరతనముచేతగాని కాదు. లండనులో పుట్టిన ఒక వ్యాపార సంఘముచేత వచ్చినది.

ఇంగ్లండులో లాంకషైరు సీమయందలి నూలుమిల్లులకు కావలసిన ప్రత్తి మిక్కిలిగా అమెరికానుండి దిగుమతి యగుచుండెను. ఒక్క దేశమునే నమ్ముకొని యుండుట అపాయమని మాంచెస్టరు వ్యాపారులు 1850లనుండియు ఆందోళన పడుచుండిరి. హిందూదేశములో కాలువలు త్రవ్వి, బాటలు వేసి, ఇక్కడి ప్రత్తిని రేవులకు చేర్చవలెనని పార్లమెంటులో వాదించిరి. సరిగా ఆ కాలముననే గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించి పేరుగాంచిన సర్ ఆర్థరు కాటను, ఈ దేశమునకు రైళ్లకన్న పడవలు నడచు కాలువలే మేలని పుస్తకములలోను సభలలోను చెప్పుచుండెను. కాటను మాట, మాంచెస్టరు అవసరము కలిసినవి. 1858లో ‘మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ’ ఏర్పడెను.

ఆ కంపెనీ మూలధనము పదిలక్షల పౌనులు. నాటి మారకము ననుసరించి ఒక కోటి రూపాయలు. లాభము వచ్చినను రాకున్నను దానిపై నూటికి అయిదు వడ్డీ యిచ్చుటకు ప్రభుత్వము హామీ పడినది. అనగా ఏటికి అయిదు లక్షల రూపాయలు. ఈ వడ్డీ లండనులో వాటాదారులకు చేరును. హామీ మాత్రము హిందూదేశపు ఆదాయముపైన, అనగా శిస్తు కట్టు రైతుపైన. రైలు కంపెనీలకు అప్పటికే ఇట్టి హామీలు ఇచ్చియుండిరి. కాలువకు ఆ పద్ధతినే వర్తింపజేసిరి. నష్టము వచ్చినను వడ్డీ ఆగదనిన పిమ్మట ఖర్చును అదుపులో నుంచుకొను ఆతురత ఏ కంపెనీకి ఉండును? అనుకొన్న ధనము చాలలేదు. 1866లో ప్రభుత్వమే ఆరులక్షల పౌనులు అప్పు ఇచ్చి పని సాగించినది.

మొదటి యూహ చాల గొప్పది. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, అక్కడనుండి త్రవ్విన కాలువను కర్నూలు, నంద్యాల, కడపలమీదుగా నెల్లూరు తీరమునందలి కృష్ణపట్నమువరకు తీసికొనిపోవలెనని. సీమ ప్రత్తి పడవలలో సముద్రమునకు చేరవలెను. 1863లో పని మొదలయ్యెను. కర్నూలు వద్ద హంద్రి నదిపై కాలువను దాటించిరి. కుందు లోయగుండా నడపించిరి. పెన్నపై ఆదినిమ్మాయపల్లె వద్ద మరియొక ఆనకట్ట కట్టి కడపవరకు తెచ్చిరి. 1871 నాటికి కాలువ పొడుగునకు నీరు పారినది. అక్కడితో ధనమును, ఉత్సాహమును కూడ అయిపోయినవి. సుంకేసులనుండి కడపవరకు 190 మైళ్లు, నేటి లెక్కలో సుమారు 305 కిలోమీటర్లు. సముద్రము అందలేదు.

ఈలోపల లోకము మారినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి, దక్షిణ రాష్ట్రముల రేవులు మూతపడి, లాంకషైరులో మిల్లులు ఆగిపోయినవి. ఆ నాలుగేండ్లు మన ప్రత్తికి ఎన్నడు లేని ధర పలికినది. కాలువ అప్పటికి సగము త్రవ్విన గుంట. 1865లో యుద్ధము ముగిసినది, ధర పడిపోయినది. కాలువ సిద్ధమగునప్పటికి మాంచెస్టరుకు దానితో పని తీరిపోయినది. అంతేగాక కడప, గుత్తిమీదుగా రాయచూరుకు పోవు రైలుమార్గము సరిగా 1871లోనే పూర్తియైనది. పడవ బేరమును రైలు తన్నుకొనిపోయినది. ఐనను కె.సి. కాలువపై 1930ల వరకు పడవలు కొలదిగా నడచుచునేయుండెను.

ఇక మిగిలినది వ్యవసాయము. ఇక్కడ కంపెనీవారికి గొప్ప ఆశాభంగము కలిగినది. నీరు వచ్చినను రైతులు తీసికొనలేదు.

ఇది సీమ రైతు మూర్ఖతయని నాటి దొరలలో కొందరు తలచిరి. మేమట్లు తలపము. గోదావరి డెల్టాలోని నేల వేరు, కుందు లోయలోని నల్లరేగడి వేరు. రేగడి ఒక మంచి వానను త్రాగి నెలలతరబడి తేమను కడుపులో దాచుకొనును. ఆ తేమతోనే జొన్న పండును, కొర్ర పండును, ప్రత్తి పండును. దానిపై కాలువ నీరు పెట్టినచో మెట్ట పైరు చెడును. మాగాణి చేయవలెనన్న నేలను చదును చేయవలెను, గట్లు పోయవలెను, ఎరువు కావలెను, అదనముగా ఎడ్లు కావలెను. వీనికి పెట్టుబడి ఎవరిచ్చిరి? పైగా ఎకరమునకు నీటితీరువ చెల్లింపవలెను. కాలువ గట్లవెంబడి చలిజ్వరము వేరే. మంచి వానలు కురిసిన ఏట నీటికి డబ్బు కట్టుట దండుగని రైతు లెక్క వేసికొనెను. ఆ లెక్కలో తప్పు లేదు. లండనులో కూర్చుండి పటము గీచినవాని లెక్కయే తప్పు.

అంతలో వచ్చినది ధాత కరువు. 1876లో నైరుతి వానలు తప్పినవి. ఈశాన్య వానలుకూడ తప్పినవి. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ముందుగా దెబ్బతిన్నవి. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టను ఢిల్లీలో రాణి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించుటకు దర్బారు జరుపుచుండెను. అదే నెలలో ఆయన పంపిన సర్ రిచర్డు టెంపులు మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనులకు వచ్చువారి కూలి మితిమీరినదని నిర్ణయించెను. దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి చిల్లర. ఒక పౌను అనగా అరకిలోకు తక్కువ. రాళ్లు మోయు మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఎదురు తిరిగి వ్రాసెను. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువునకును ఆ కోత నచ్చలేదు. కొన్ని నెలలకు కూలి మరల పెంచిరి. పెంచునప్పటికి ఎందరు పోయిరో ఎవరు లెక్కించిరి? 1871 జనాభా లెక్కతో 1881 లెక్కను పోల్చిచూచినచో కర్నూలు జిల్లాలో సుమారు నాల్గవవంతు జనము తగ్గిరి. నలుగురున్న ఇంట ఒకరు లేరు. చచ్చినవారు చావగా, కొందరు ఊళ్లు విడిచిపోయిరి.

ఆ కరువులోనే కాలువ విలువ తెలిసినది. నీరు వద్దనిన రైతులే తూములవద్ద నిలిచి నీటికై ప్రాధేయపడిరి. మంచి ఏండ్లలో ఎండిపోయిన కాలువక్రింద చెడ్డ ఏట పంట పండినది. కంపెనీ లెక్కపుస్తకములో నష్టముగా కనబడిన కాలువ, పస్తులున్నవాని దృష్టిలో ప్రాణదాత. ఈ రెండు చూపుల నడుమ ఇంగ్లండులోను వాదము జరిగినది. కామన్సు సభ ఉపసంఘము 1878లో కాటనును పిలిచి ప్రశ్నించినది. రైళ్లా, కాలువలా అని. కె.సి. కాలువను వైఫల్యమునకు ఉదాహరణముగా అక్కడ చూపిరి. 1880లో వెలువడిన కరువు విచారణ సంఘపు నివేదిక, లాభము రాకున్నను కరువునుండి కాపాడు కట్టడములు ప్రభుత్వమునకు విధియని చెప్పినది. నేటివరకు మన దేశములో నీటిపారుదల విధానమునకు మూలస్తంభమైన ఈ యభిప్రాయము చాలవరకు మన జిల్లాల శవములపై నిలిచినది. 1882లో ప్రభుత్వము కాలువను కంపెనీనుండి కొనివేసినది. ప్రైవేటు కాలువ కంపెనీల ముచ్చట దానితో ఈ దేశమున తీరిపోయినది. వాటాదారులు మాత్రము నష్టపోలేదు.

1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వములు ఒక ఒడంబడిక చేసికొనినవి. ఎగువనున్న మైసూరు తుంగ, భద్ర, తుంగభద్ర మొదలగు నదులపై క్రొత్త కట్టడములు చేయవలెనన్న మద్రాసు సమ్మతి పొందవలెను. దిగువ రైతుకు కాగితముపై దొరకిన తొలి రక్ష ఇది. ఆ కాగితమునకు బలము ఏది? మద్రాసు ప్రభుత్వము ఇంగ్లీషువారిది, మైసూరు వారి ఛాయలో నుండు సంస్థానము. బలము సమానము కానప్పుడు జరిగిన ఒడంబడికను, సమానులైన పిమ్మట ఎంతవరకు పాటింపవలెనన్న వాదము నేటికిని కర్ణాటకములో వినబడుచునే యున్నది.

స్వాతంత్ర్యమునకు ముందు రెండు సంఘటనలు చెప్పవలెను. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ‘శ్రీబాగ్’ అను ఇంట కోస్తా, రాయలసీమ నాయకులు కూడి ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. రాజధానియో, హైకోర్టో, రెంటిలో ఒకటి రాయలసీమలో నుండవలెననియు, కృష్ణా తుంగభద్రా పెన్నల నీటిలో పదేండ్లో, అవసరమైనచో అంతకన్న ఎక్కువ కాలమో రాయలసీమకును నెల్లూరుకును ముందు తావు దక్కవలెననియు అందులోని మాటలు. రాజధాని విషయమునే అందరు ఎక్కువగా తలచుకొందురు. నీటి మాట మరుగున పడినది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానియైనది. మూడేండ్లకు హైదరాబాదు పోయినది. నీటి షరతు ఏ రాజ్యాంగములోను, ఏ చట్టములోను ఎక్కలేదు. అది పెద్దమనుష్యుల మాటగా మిగిలిపోయినది.

రెండవది 1944 జూను నాటి మద్రాసు–హైదరాబాదు ఒడంబడిక. తుంగభద్రకు హోస్పేట వద్ద పెద్ద డ్యాము కట్టి నీటిని రెండు ప్రభుత్వములు పంచుకొనుట దాని సారము. 1945 ఫిబ్రవరి 28న నది ఇరుగట్లమీద రెండు శంకుస్థాపనలు జరిగినవి. 1953 జూలైలో కాలువలకు నీరు వదలిరి. అటుపైని మూడు నెలలకే ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. బళ్లారి జిల్లాను మూడు తాలూకాలు తక్కువగా మైసూరుకు ఇచ్చివేసిరి. ఆదోని, ఆలూరులు కర్నూలు జిల్లాకును, రాయదుర్గము అనంతపురమునకును వచ్చినవి. హోస్పేట, దానితో డ్యాము, మైసూరు భాగమైనది. గట్టు మద్రాసు, హైదరాబాదువారు కట్టిరి, తాళపుచెవి ఒక ఉమ్మడి బోర్డు చేతికి వచ్చినది. ఆ తుంగభద్ర బోర్డు నేటికిని కేంద్ర ప్రభుత్వపు అధ్యక్షుని క్రింద పనిచేయుచున్నది. 2024లో తెగిన గొలుసు ఆ బోర్డు అధీనములోనిది.

ఈ కాలములోనే మరియొక యవకాశము జారిపోయినది. 1951 ప్రాంతములో మద్రాసు ప్రభుత్వము కృష్ణను సిద్ధేశ్వరము వద్ద మళ్లించి పెన్నకు కలుపు పథకమును తలపెట్టినది. ఆ నీటిలో కొంత సీమకు, మిక్కిలి భాగము నేటి తమిళనాడుకు పోవునని ఆంధ్రనాయకులు శంకించి ఎదిరించిరి. 1952లో ఖోస్లా సంఘము నందికొండ వైపు మొగ్గినది. నాగార్జునసాగరము లేచినది. మద్రాసుకు నీరు పోరాదను ఆందోళనలో న్యాయము లేకపోలేదు. సీమ పొలములు కృష్ణనీటికై మరి ముప్పదియేండ్లు ఎదురుచూచుట దాని మూల్యము. వింతయేమనగా, 1983లో తెలుగుగంగకు శంకుస్థాపన జరిగి, మద్రాసు నగరపు దాహము తీర్చుటకై తీసిన కాలువ వెంబడియే చివరకు సీమకు కృష్ణ నీరు వచ్చినది.

శ్రీశైలమును జలవిద్యుత్తుకై కట్టిరి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసెను. కర్నూలు జిల్లా పల్లెలును నదికావల మహబూబునగరు పల్లెలును కలిసి నూటికి దగ్గరగా మునిగినవి. భూములు కోల్పోయినవారికి ఆ నీటిలో హక్కు ఏదియు వ్రాయబడలేదు.

ఇప్పుడు అంకెలకు వత్తము. వార్తలలో వినబడు టి.ఎం.సి. అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అనగా సెకండునకు ఒక ఘనపుటడుగు. 11,574 క్యూసెక్కులు ఒక పగలు, ఒక రాత్రి ఎడతెగక పారినచో ఒక టి.ఎం.సి. అగును. బచావత్ ట్రిబ్యునలు 1973 డిసెంబరులో తీర్పు చెప్పి, 1976లో దానిని ఖాయపరచినది. కృష్ణానది నీటిలో నమ్మదగిన 2,060 టి.ఎం.సి.లను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశమునకు 800గా పంచినది. అందులో కె.సి. కాలువకు 39.9 టి.ఎం.సి. దక్కినది. ప్రాతవాడుక గల కాలువ గనుక దాని హక్కును ట్రిబ్యునలు గౌరవించినది. 39.9లో 10 టి.ఎం.సి. హోస్పేట డ్యామునుండి విడువవలసినది. తక్కినది డ్యామునకును సుంకేసులకును నడుమ నదిలో చేరు నీరు.

కాలువ ఆయకట్టు రెండులక్షల అరువదియైదువేల ఎకరములు. మూడింట రెండువంతుల వరకు నేటి కర్నూలు, నంద్యాల జిల్లాలలోను, తక్కినది కడప జిల్లాలోను కలదు. 39.9 టి.ఎం.సి.ని ఆ నేలపై సమముగా పరచినచో సుమారు మూడున్నర అడుగుల లోతు నిలుచును. ఒక పంటకు అది తక్కువ కాదు. కావున కాగితముపై చూచినచో కె.సి. రైతుకు దిగులు పడ నవసరము లేదు.

కాని కాలువ తలవద్ద చూడుడు. కాలువ నిండుగా పారిన 3,850 క్యూసెక్కులు. మూడు దినములకు ఒక టి.ఎం.సి. 39.9 టి.ఎం.సి. పారుటకు నూటయిరువది దినములు కావలెను. సుంకేసుల వద్ద ప్రాత ఆనకట్ట స్థానములో కట్టిన బ్యారేజి నిలుపగల నీరు 1.2 టి.ఎం.సి. అనగా కాలువకు మూడున్నర దినముల గ్రాసము. నదికి వరద వచ్చినప్పుడు ఈ మూడున్నర దినముల పాత్ర నిండి, మిగిలినది పొర్లి శ్రీశైలమునకు పోవును. వరద తగ్గినప్పుడు, వెన్ను తీయు వరికి చివరి తడి కావలసినప్పుడు, చూచుటకు నది ఇసుకయే. నూటయిరువది దినముల హక్కు, మూడున్నర దినముల పాత్ర. కె.సి. కాలువ రైతు కష్టమంతయు ఈ రెండంకెల నడుమ ఇమిడియున్నదని మా యభిప్రాయము.

ఈ స్థితిలో ఎగువ ప్రతి చిన్న మార్పును దిగువకు పెద్ద దెబ్బయగును. సుంకేసులకు ఎగువన రాజోలిబండ వద్ద ఆనకట్ట ఉన్నది. దాని ఎడమకాలువ కర్ణాటకములో బయలుదేరి, నేటి తెలంగాణలోని గద్వాల సీమలో 87,500 ఎకరములకు నీరీయవలెను. 15.9 టి.ఎం.సి. వారికి హక్కు. ఆ నీరు వారి చివరి భూములకు చేరుటలేదని వారి మొర. ఆనకట్ట మట్టము పెంచిన సుంకేసులకు నీరు రాదని కర్నూలు రైతుల భయము. రెండు గట్లవారును కరవుసీమవారే. ఒకరిని దొంగయని, ఒకరిని దొరయని అనుటకు మాకు నోరాడదు. ఇరువురకును డ్యామునుండి సకాలములో, కొలిచి విడిచిన నీరు కావలెను. అది బోర్డు చేతిలో నున్నది.

2014లో రాష్ట్రము విడిపోవుటతో ఒక రాష్ట్రపు లోపలి తగవులు రెండు రాష్ట్రముల తగవులైనవి. ఉమ్మడి రాష్ట్రపు వాటాగా లెక్కకు వచ్చిన 811 టి.ఎం.సి.లను ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణకు 299గా 2015లో తాత్కాలికముగా సర్దిరి. ఆ సర్దుబాటును తెలంగాణ కాదన్నది. 2023 అక్టోబరులో కేంద్రము ఆ పంపకమును బ్రిజేష్‌కుమారు ట్రిబ్యునలు విచారణకు అప్పగించినది. అదే సంవత్సరము ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెటు కర్ణాటకయందలి ఎగువభద్ర పథకమునకు 5,300 కోట్ల రూపాయలు ప్రకటించినది. మధ్య కర్ణాటకములోని చిత్రదుర్గము, తుమకూరు సీమలును మెట్టసీమలే, అక్కడి రైతు కంటనున్నదియు కన్నీరే. తుంగ, భద్రలనుండి సుమారు 29.9 టి.ఎం.సి. అటు మళ్లినచో హోస్పేట చేరు నీటిలో తరుగు ఎంత, ఎవరి వాటానుండి ఎంత పోవునను ప్రశ్నకు లెక్క చూపి సమాధానము చెప్పువారు కావలెను.

కె.సి. కాలువకు మేలు ఏమియు జరుగలేదనుటయు న్యాయము కాదు. 1996నుండి జపాను ప్రభుత్వపు ఋణముతో కాలువను బాగుచేసిరి. నాడు లండను మూలధనము, నేడు టోకియో అప్పు. ఈ కాలువ ఎన్నడును ఒక్క జిల్లా వ్యవహారము కాలేదు. శ్రీశైలపు వెనుకనీటినుండి ముచ్చుమర్రి వద్ద ఎత్తిపోసి కాలువకు కలుపు ఏర్పాటు 2017 నుండి పనిచేయుచున్నది. పోతిరెడ్డిపాడునుండి బనకచర్లకు వచ్చు నీటిలోను కె.సి. కాలువ దిగువభాగమునకు కొంత అందుచున్నది. అయితే పోతిరెడ్డిపాడు తూములు తమ నిండు శక్తితో పారవలెనన్న శ్రీశైలములో నీటిమట్టము సుమారు 881 అడుగులు ఉండవలెను. విద్యుత్తుకై నీటిని దిగువకు వదలినకొలది ఆ మట్టము పడిపోవును. తుంగభద్ర నీటిపై హక్కు గల కాలువ కృష్ణ నీటి దయపై బ్రదుకుట మొదలైనది. దానితోపాటు శ్రీశైలమునకు సంబంధించిన వివాదములన్నియు దాని తలకు చుట్టుకొనినవి.

నీరు లేకపోవుటయే కష్టమనుకొనవలదు. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రి పొంగి, దిగువ శ్రీశైలమునుండి వెనుకనీరు ఎదురుతన్ని కర్నూలు నగరము మునిగిపోయినది. సుంకేసుల బ్యారేజికిని ఆ వరద దెబ్బ తగిలినది. అన్ని సంవత్సరముల కరువు జ్ఞాపకము గల పట్టణములో జనము మేడలమీది కెక్కి నీటిలో దీపములు లేక రాత్రి గడపిరి. ఆ కొద్ది దినములలో సుంకేసులను దాటిపోయిన నీటిని నిలువచేయగల పాత్ర నదిపై ఎక్కడను లేదు.

అట్టి పాత్రకై సూచించినదే గుండ్రేవుల జలాశయము. సుంకేసులకు ఎగువన తుంగభద్రపై 20 టి.ఎం.సి. నిలుపవలెనని దాని యూహ. వరదనీటిని పట్టి, కె.సి. కాలువకు కావలసినప్పుడు విడువవచ్చును. అక్కడ నదికి ఒకవైపు ఆంధ్రప్రదేశము, ఒకవైపు తెలంగాణ. ఎగువకు పోయిన కర్ణాటక. మునుగు భూములు ఒక్క రాష్ట్రములోనివి కావు. కావున మూడు ప్రభుత్వముల సమ్మతియు, నదీ బోర్డు అనుమతియు కావలెను. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దానికి పాలనాపరమైన ఆమోదమిచ్చుచు ఉత్తర్వు వెలువరించినది. ఆనకట్ట లేవలేదు. 2024 చివరనుండి గోదావరి నీటిని పోలవరమునుండి బనకచర్లకు తెచ్చు 80,000 కోట్ల పథకమును గూర్చి మాటలు వినవచ్చినవి. తెలంగాణ అభ్యంతరము తెలిపినది. 2025 జూనులో కేంద్ర పర్యావరణ నిపుణుల సంఘము ఆ ప్రతిపాదనను త్రిప్పిపంపినది. గుండ్రేవుల దస్త్రము, బనకచర్ల దస్త్రము ఏ కార్యాలయమున ఎంతకాలము నిలిచినను, సుంకేసుల వద్ద నేటికిని నిలుచు నీరు 1.2 టి.ఎం.సి.యే.